కీషాన్‌ని పంపించెయ్

"కీషాన్‌ని ఇవాళే పంపించెయ్, గోర్డన్. గడువు దాటిందంటే వాణ్ణి వేసవి దాకా మోయాలి," అన్నాడు కోచ్ వెండెల్ టేబుల్ మీద గుద్ది.

కాన్సస్ సిటీ బాస్కెట్‌బాల్ జట్టు మేనేజర్ గోర్డన్ గోడ గడియారం వంక చూశాడు. జట్ల మధ్య మనుషులను ఇచ్చిపుచ్చుకునే ట్రేడ్ గడువు మూడింటితో సరి. సియాటెల్ వాళ్ళు ఫోన్ దగ్గరే కాచుక్కూర్చున్నారు.

"ఇరవై ఏళ్ళ పిల్లాడు. ఇంకొక్క సీజన్ చూద్దామా?"

"ఏం చూస్తావు? బుట్ట పక్కనే నిలబెట్టి బంతి చేతికిచ్చినా బయటికే వేస్తాడు. ఈ ఏడు గెలవకపోతే ముందు ఊడేది నా ఉద్యోగం. నాకు బుట్ట కింద నిలబడే వాళ్ళ ఏడడుగుల సెంటర్ ఆటగాడు కావాలి, అంతే."

"కీషాన్ వద్దని ఇంకెవరినైనా అడిగితే?"

"ఎవరినడిగినా ఇచ్చెయ్. ఇక్కడెవడూ ఆకాశం నుంచి ఊడిపడలేదు."

"ముందు ఆ మనిషితో ఓ మాట చెప్పొద్దూ?"

"బేరం కాకముందే చెప్తే ఊరంతా పాకుతుంది. అయ్యాక టీవీలో చూసుకుంటాడు. అందరూ అలాగే తెలుసుకున్నారు, వీడేమైనా కొత్తల్లుడా?"

గోర్డన్ అతని వంక కాసేపు అలాగే చూశాడు. తర్వాత ఫోన్ తీసుకుని పక్కగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

వెండెల్‌కు ప్రాణం లేచొచ్చింది. చల్లారిన కాఫీ తాగుతూ, కొత్త సెంటర్‌ని ఎక్కడ నిలబెట్టాలో కాగితం మీద గీతలు గీసుకున్నాడు. కుర్రాడు చెడ్డవాడు కాదు, పాపం. కానీ జాలిపడితే పాయింట్లు రావుగా.

మూడు దాటిన కాసేపటికి కోచ్‌ని వెతుక్కుంటూ కీషాన్ వచ్చాడు. ఇంకా ప్రాక్టీసు బట్టల్లోనే ఉన్నాడు. ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

"కోచ్... ఇప్పుడే టీవీలో చూశాను. నమ్మలేకపోతున్నాను."

వెండెల్ లేచి అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఇలాంటప్పుడు చెప్పే మాటలు అతనికి కంఠతా వచ్చు.

"మనసులో పెట్టుకోకు, నాయనా. ఇది వ్యాపారం, ఎవరి మీదా కోపం కాదు. సియాటెల్ మంచి ఊరే, కాస్త వానలెక్కువ. వెళ్ళి సామాన్లు సర్దుకో. ఇంట్లో వాళ్ళకి నెమ్మదిగా చెప్పు."

కీషాన్ అయోమయంగా చూశాడు.

"నేనెక్కడికీ వెళ్ళట్లేదు కోచ్. ఆ సెంటర్ కోసం గోర్డన్ గారు వాళ్ళకిచ్చింది మిమ్మల్ని."