యమున ఇంట్లో దయ్యం

"పాస్టరన్నా, పెద్ద దవాఖానల డాక్టరమ్మ చూసింది. దయ్యం గియ్యం కాదు, ఆటిజమట. విన్న మాటనే మళ్ల అంటది, గంతే," అంది యమున, ఏడేళ్ల కూతుర్ని కొంగు చాటుకు లాక్కుంటూ.

నేను వింటేగా! ఇరుగుపొరుగువాళ్లు పిలిస్తే వచ్చినవాణ్ణి, బైబిలు చంకలో ఉంది. దయ్యాన్ని ముందు పేరు అడగాలని లేఖనం. ఇక్కడ ఆ పేరేదో డాక్టరమ్మే చెప్పేసింది, నా పని సగం తేలికైంది!

బొగ్గుగనిలో ఫస్టు షిఫ్టు దిగినవాళ్లంతా గుమ్మం ముందు మూగారు. నేను దయ్యమంటే చాలు, మా గోదావరిఖని కాలనీలో రేపటి నుంచి ఈ పిల్లతో ఎవరూ తమ పిల్లల్ని ఆడనివ్వరు. యమున కళ్లలో అదే భయం.

పిల్ల వైపు వేలు చూపించి గర్జించాను. "ఆటిజమా! ఈ ఇల్లు విడిచి బయటికి పో!"

పిల్ల కొంగు చాటు నుంచి మెల్లగా బయటికి వచ్చింది. అచ్చం నాలాగే వేలు చూపించింది. అదే గర్జన, అదే విరుపు.

"ఈ ఇల్లు విడిచి బయటికి పో!"

ఎన్ని కూటాల్లో ప్రసంగించానో! ఇంత అధికారంతో ఆజ్ఞాపించడం నాకెన్నడూ చేతకాలేదు. నా కాళ్లు వాటంతటవే గుమ్మం దాటాయి.

"దయ్యం పోయిందా అన్నా?" అని గుంపు మీద పడింది.

"లోపలున్నది మంచి పిల్ల. మీ పోరగాండ్లను ఆడుకోనీకి తోలుండ్రి," అన్నాను. "దయ్యం ఇగో, చెప్పులేసుకుంటున్నది."