జత రాయి

"ఇదిగోండి, మీ ఆవిడ ప్రాణం మీదికి తెచ్చిన రాయి," అంటూ సర్జన్ సీసా పైకెత్తి చూపించాడు.

మంచం పక్కన నిలబడ్డ ముసలాయన చెయ్యి చాపలేదు. మెడ మాత్రం వంచి చూశాడు. మంచం మీద ఆయన భార్య, డెబ్బై నాలుగేళ్ల మనిషి, మత్తులో నిద్రపోతోంది. పిత్తాశయంలో పుట్టిన రాయి పేగులోకి జారి అడ్డుపడితే, పొద్దున్నే పొట్ట కోసి తీశారు.

"నలభై ఏళ్లు రాళ్లకి సానపట్టాను, డాక్టరుగారూ. ఇటు పక్క చూడండి, అద్దంలా లేదూ? ఇంకో రాయి ఒరుసుకుంటే తప్ప అంత నునుపు రాదు. దీని జత లోపలే ఉంది."

"రాళ్ల సంగతి మీకు తెలుసు, పేగుల సంగతి నాకు వదిలేయండి. మొత్తం తడిమి చూశాను."

అది అబద్ధం. ఆవిడ బీపీ పడిపోతుంటే, దొరికిందే చాలనుకుని గబగబా కుట్లు వేసేశాడు.

"సగమే తడిమారు," అన్నాడు ముసలాయన మెల్లగా.

సర్జన్ సీసా దించాడు. థియేటర్లో లేని మనిషికి ఆ మాట ఎవరు మోశారు? ఇంతలో నర్సు వచ్చి, ఆవిడ నాడి చూసి, ముసలాయన్ని పలకరించకుండానే వెళ్లిపోయింది.

"మూడు రోజులు బాగానే ఉంటుంది. లేచి కూర్చుంటుంది, నవ్వుతుంది కూడా. నాలుగో రోజు మళ్లీ పొట్ట బిగుస్తుంది. అప్పుడిక మీ చేతుల్లో ఉండదు."

"ఇవన్నీ మీకెలా తెలుసు?"

ముసలాయన తన పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు. "అది తెలియడానికింకా టైముంది, బాబూ. ముందు స్కాన్ తీయించండి."

పెద్దాయన చాదస్తమని కొట్టిపారేద్దామంటే సర్జన్‌కి మనసొప్పలేదు. సాయంత్రమే స్కాన్ తీయించాడు. పేగు పైభాగంలో రెండో రాయి నింపాదిగా కూర్చుని ఉంది.

బీపీ కుదుటపడ్డాక, మర్నాడు మళ్లీ కోసి తీశాడు. రెండు రాళ్ల నున్నటి ముఖాలూ ఆనించి చూస్తే, మధ్యలో వెంట్రుక దూరే సందు కూడా లేదు.

వారం తిరిగేసరికి ఆవిడ దిండుకి ఆనుకుని సూప్ తాగుతోంది. సర్జన్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"తప్పు నాదేనమ్మా. మీవారు పట్టుబట్టకపోతే మీరు దక్కేవారు కాదు. మళ్లీ కనపడనేలేదు ఆయన. ఒక్కసారి రమ్మనండి, చేతులు పట్టుకుని చెప్పుకోవాలి."

ఆవిడ చెంచా కింద పెట్టింది.

"పదేళ్ల కిందట ఆయన పోయిందే లోపల రెండో రాయి ఉండిపోయి, బాబూ."