మబ్బు పట్టిన ఫిల్ము

ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే రిచర్డ్ తడి ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాడు.

“చూడుండ్రి. పేగుల నిండ గాలి, మలం. రాయి ఏడుందో కనవడ్తనే లేదు.”

బెంచీ మీద గాబ్రియేలు నడుం పట్టుకుని ముడుచుకున్నాడు. పెళ్లయి ఇరవై రోజులు. మూత్రపిండంలో రాయి ఉందన్న అనుమానం మొదలై నాలుగు రోజులు.

“ఆముదం తాగిపిచ్చిన్రు గద?” అంది అతని భార్య లిడియా.

“తాగి కక్కిండు. రాత్రికి మళ్ల ఆముదం తాగిపిచ్చుండ్రి, రేపు పొద్దుగాల ఇంకో ఫిల్ము తీస్త. అదీ గిట్లనే వస్తే ఆపరేషన్ లేదు. హైదరాబాద్ సర్జన్ రేపొచ్చి పోతే, మళ్ల మెదక్ మొకం జూసేది వచ్చే నెలనే.”

వరండా చివర కూర్చున్న ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

“కడుపు కడగకుంట ఫొటో దీస్తే అది ఫొటో గాదు సారూ, మబ్బు.”

రిచర్డ్ గిర్రున తిరిగాడు. “మళ్ల వచ్చినవా? నీ ఆకులు బయట అమ్ముకో. ఇది దవాఖాన.”

“దవాఖాన అనే వచ్చిన.”

“లేస్తవా, వాచ్‌మన్‌ను పిలవాల్నా?”

“పిలువుండ్రి. ఇద్దరం కూసుంటం.”

లిడియా పక్కున నవ్వింది. రిచర్డ్ ఉరిమి చూశాడు. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని ఇంకా నవ్వింది.

వాచ్‌మన్ ముసలాయనను గేటు దాటించాడు. లిడియా వెనకాలే పరుగెత్తింది.

“తాతా, ఆ ఆకు మా ఆయనకిస్తవా?”

“చదువుకున్న పిల్లవు. భయం గాదా బిడ్డా?”

“అయితది. గని, నెల రోజులు ఆయన నొప్పి జూసుడు ఇంకా ఎక్కువ భయం.”

ముసలాయన ఎడమచేత్తో చిన్న మూట అందించాడు. “సునాముఖి ఆకు, సోంపు. కడుపంత కడిగేస్తది. మరగబెట్టి వడగట్టు. రాత్రికి పల్చని జావ తప్ప ఏం పెట్టకు.”

ఆయా జ్ఞానమ్మ పొయ్యి ఇచ్చింది, గొణుగుతూనే. “సారుకు తెలిస్తే నా నౌకరి పోతది.”

“నేనే జేసిన్నని చెప్త!”

తెల్లవారేసరికి గాబ్రియేలు ఐదుసార్లు చెంబు పట్టుకుని పరుగెత్తాడు.

“నవ్వకే, కాళ్లల్ల సత్తువ లేదు.”

“ఇంకొక్కసారి పోయిరాండ్రి, ఫొటో ఫస్టు క్లాసు వస్తది!”

ఈసారి ఫిల్ములో పక్కటెముకలు, వెన్నెముక స్పష్టంగా ఉన్నాయి. పక్కనే పల్లిగింజంత తెల్లటి రాయి.

“ఆపరేషన్ ఖాయం. ఆముదం మంచిగ పనిచేసింది,” అన్నాడు రిచర్డ్.

“ఆముదం గాదు సారూ. తాత కషాయం. నేనే తాగిపిచ్చిన. ఏం జేస్తరో చేయుండ్రి.”

రిచర్డ్ నిన్నటి మబ్బు ఫిల్మును తెచ్చి కొత్తదాని పక్కన పట్టి చూశాడు.

“ఆయన్ను పిలువుండ్రి,” అన్నాడు. “ఎట్ల మరగబెడ్తడో నేర్చుకుంట.”

“ఏడికెల్లి పిలుస్తరు?” అంది జ్ఞానమ్మ. “ఎల్దుర్తి బస్సెక్కి పోయిండు. కాళ్లు మొక్కినా ఇంక ఈ గేటు తొక్కనన్నడు.”

“ఎవరాయన?”

“ప్రభుదాసు. నేను చెప్తనంటే వద్దన్నడు. ‘నా పేరు జూసి గాదు, ఫొటో జూసి నమ్మనీ’ అన్నడు.”

“ఆయన పేరుల ఏముంది?”

జ్ఞానమ్మ ఎక్స్‌రే గది వైపు చూసింది.

“మీకంటె ముందు ఇరవై రెండేండ్లు ఆ మిషన్ నడిపింది ఆయనే సారూ, కుడిచేతి మూడు వేళ్లు ఆ కిరణాలకే ఇచ్చిపోయిండు.”