వడ్డించేదాకా ఆగు

“బిర్యాని వడ్డించేదాకా నోరు తెరిచినవంటే ఈడ్నే పాతిపెడ్త,” అని దయాకర్ మైసయ్య చెవిలో అన్నాడు.

చిన్ననాటి దోస్తులిద్దరూ ప్రతి ఆదివారం ఏదో ఒక వెంచరు వాళ్ల ఉచిత బస్సెక్కి, ప్లాట్లు కొనేవాళ్లలా ముఖాలు పెట్టి, కడుపునిండా తిని వస్తారు. ఈసారి బస్సు బొంగులూరు దాటి ఆగిన చోటు మైసయ్య నిరుడు అమ్ముకున్న చేను.

“ఇక్కడ నీళ్లు కొబ్బరినీళ్లే సార్,” అన్నాడు ఏజెంటు.

“ఎన్ని బోర్లేసినా దుమ్మే లేచిందిరా. అందుకేగదా అమ్మిన,” అని మైసయ్య గొణిగాడు.

“లేవనీ. గిన్నె మూత ఇంకా లేవలే.”

షామియానా కింద మసాలా వాసన గుప్పుమంది. మైసయ్య నోరు మూసుకున్నాడు.

పక్క కుర్చీలో, మీర్‌పేట్‌లో అదే బస్సెక్కిన జనార్దనరావు అనే ఆయన అందరికీ వినపడేలా, “నీళ్లుంటే ఇక్కడే ఇల్లు కట్టేద్దామోయ్,” అన్నాడు భార్యతో. ఆవిడ ఒళ్లోని సంచిని గట్టిగా పట్టుకుంది.

సంచిలో ఉన్నది ప్లాటు అడ్వాన్సు డబ్బే అనుకున్నాడు మైసయ్య. ఇక ఆగలేక లేచి నిలబడ్డాడు.

“కొనకు సారూ. ఈ చేను నాదే ఉండె. సుక్క నీళ్లు పడయి.”

ఏజెంటు ముఖం మాడింది. మూత లేవకుండానే గిన్నెలు మళ్లీ వ్యానెక్కాయి. దయాకర్ నెత్తి పట్టుకున్నాడు.

జనార్దనరావు నిట్టూర్చి భార్య సంచి తెరిచి చూపించాడు. లోపల ఖాళీ క్యారేజీ ఉంది.

“ఆ మాట భోజనాలయ్యాక చెప్పకూడదటయ్యా? మేమూ మీలాగే వచ్చాం.”

మైసయ్య కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకున్నాడు.

“వచ్చే ఆదివారం రావిర్యాల వెంచరుకు పోదాం సారూ. మటనట. గది నా చేను కాదు.”