బడేసాహెబ్ యాంప్

"చెయ్యి తియ్! చెయ్యి తియ్ ముందు!"

భర్త సుధాకర్ అరుపుకు స్వర్ణ వంటింట్లోంచి పరుగున వచ్చింది.

ముందు గదిలో ఎవరో ముసలామె. నల్ల బురఖా, చంకలో చిన్న రేకు డబ్బా. గిటార్ మోతని పెంచే యాంప్ పెట్టె వెనక వంగి, దాని రెక్సిన్ ముసుగు మీద అరచెయ్యి ఆనించి ఉంది.

"వెతుక్కుంటా వచ్చినా నాయనా. వీధి మొదట్లోనే మోత వినిపించింది," అందామె.

"వస్తే వాకిట్లో నిలబడి పిలవాల. ఇట్టా దూరిపోతే ఎట్టా?"

"కాలిపోతా ఉండాది. ఎడమ పక్క మరీను. ఈ ముసుగు తీసెయ్."

సుధాకర్ యాంప్‌కి అడ్డంగా నిలబడ్డాడు.

అది మామూలు యాంప్ కాదు. నలభై అయిదేళ్ల కిందట నెల్లూరులో బడేసాహెబ్ అనే ఆయన ఇంట్లో తయారైన ట్రాన్సిస్టర్ యాంప్. మొత్తం చేసిందే పదకొండు. ముందు పక్క ఇత్తడి రేకు మీద ఆయన పేరు ఉంటుంది. అందులోంచి వచ్చే ఒక్కో స్వరం కల్లుప్పు పలుకులా విడివిడిగా మెరుస్తుంది.

అన్నతో ఉమ్మడిగా ఉన్న పడవలో తన వాటా వదులుకుని మరీ కొన్నాడు సుధాకర్. స్నానం చేశాకే ముట్టుకుంటాడు. సముద్రపు గాలి సోకకుండా స్వర్ణ చేత రెక్సిన్ ముసుగు కుట్టించాడు. వాయించేటప్పుడు దాని ముందు భాగం పైకెత్తుతాడు, అంతే. వెనక కట్టిన నాలుగు ముళ్లు ఏనాడూ విప్పింది లేదు.

ఇంకో గంటలో నెల్లూరు నుంచి ఆర్కెస్ట్రా నరేంద్రబాబు ఈ బోగోలు తీరానికి వస్తున్నాడు. యాంప్ నచ్చితే పెళ్లిళ్ల సీజనంతా సుధాకర్‌దే గిటార్. నచ్చకపోతే మళ్లీ అన్న పడవలోకే, ఈసారి కూలీగా.

"ఇంతకీ ఎవురమ్మా నువ్వు?"

"సర్దార్‌బీని. బడేసాహెబ్ భార్యని."

సుధాకర్ ఒక్క క్షణం తగ్గాడు. అంతలోనే ఆమె చంకలోని డబ్బా వైపు అనుమానంగా చూశాడు.

"ఆయన పోయి పదేళ్లాయె. ఇప్పుడేం పని?"

"ఒకసారి మూత విప్పనిస్తే..."

"మూతా! దీని లోపల ఆయన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలా. పడనియ్యను."

"మూత వద్దులే. ముసుగన్నా తియ్యి. దానికి ఊపిరాడాల."

"సముద్రం అదో, ఆ కనపడేదే. తీస్తే తుప్పు పట్టదా?"

"తుప్పుకి పదేళ్లు పడుతుంది. వేడికి పది నిమిషాలు చాలు."

సుధాకర్ నవ్వాడు.

"మా నాయన ముప్పై ఏళ్లు పడవ తోలినాడు. అంతమాత్రాన మా అమ్మకి ఇంజన్ విప్పడం వచ్చిందా?"

ముసలామె డబ్బాని ఇంకో చంకలోకి మార్చుకుంది.

స్వర్ణకి సిగ్గేసింది. గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆమె నిలబడే తాగింది.

"ఆ ముళ్లు నువ్వే వేసినావా తల్లీ? గట్టిగా ఉండాయి," అంది గ్లాసు తిరిగిస్తూ. "వాయించేటప్పుడన్నా విప్పు."

డబ్బా సర్దుకుని వెళ్లిపోయింది.

నరేంద్రబాబు వచ్చి కుర్చీలో కాలు మీద కాలేసుకున్నాడు.

"ఏదీ, మీ బడేసాహెబ్‌ని మాట్లాడించు, విందాం."

సుధాకర్ తీగ మీటాడు. నరేంద్రబాబు కాలు కిందికి దిగింది. కళ్లు మూసుకున్నాడు.

"అబ్బ! ఏం మోతబ్బా ఇది!"

సుధాకర్ మొహం వెలిగింది. ఒక పాట అయింది. రెండోది అయింది.

"పెంచు. కల్యాణమండపంలో వెయ్యి మంది ఉంటారు."

సుధాకర్ పెంచాడు.

స్వర్ణ ముక్కుకి వేడెక్కిన రెక్సిన్ వాసన తగిలింది. మెల్లిగా యాంప్ వెనక్కి నడిచింది. మొదటి ముడి మీద వేళ్లు పెట్టింది.

సుధాకర్ వాయిస్తూనే గుడ్లురిమాడు.

స్వర్ణ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇంకా పెంచు!" అన్నాడు నరేంద్రబాబు.

గుర్రుమని ఒక మోత. ఆపైన టప్‌మని ఒక చప్పుడు. తర్వాత తీగలు కదులుతున్నాయి గానీ పాట లేదు.

స్విచ్చి ఆపారు, వేశారు. ఫ్యూజు మార్చారు. నరేంద్రబాబు పావుగంట ఓపిక పట్టి లేచాడు.

"మోత బంగారం తమ్ముడా. కానీ తలంబ్రాల వేళ ఇట్టా నోరు మూసుకుంటే పెళ్లివాళ్లు కొట్టేది నన్ను. ఈ సీజన్‌కి వేరే వాళ్లని చూసుకుంటాలే."

కారు వెళ్లిపోయింది.

సాయంత్రం నాలుగింటికి కావలి నుంచి మెకానిక్ అక్రమ్ వచ్చాడు. నాలుగు ముళ్లూ స్వర్ణే విప్పింది. అక్రమ్ మూత తీసి, లోపలికి చూసి, నాలుక చప్పరించాడు.

"జత ట్రాన్సిస్టర్లూ పోయినాయన్నా."

"వేరేవి వెయ్యి."

"ఈ రకం ఇప్పుడు ఎవురూ చెయ్యడం లేదు. ఇంకో రకం వేస్తే మోగుతుంది, ఈ మోత మాత్రం రాదు. సర్దార్‌బీ దగ్గర ఒక్క జత మిగిలి ఉండింది. మీ యాంప్‌కి ఇయ్యాలనే తెస్తున్నానని పొద్దున ఫోన్ చేసింది. రాలేదా?"

సుధాకర్ తల వంచుకున్నాడు.

"వచ్చింది," అంది స్వర్ణ.

"అదీ సంగతి! మధ్యాహ్నం నా కొట్టుకొచ్చింది. రిపేరుకొచ్చిన గూడూరు వాళ్ల బడేసాహెబ్ యాంప్ ఉంటే, కూర్చుని దానికి వేసేసి పోయింది. 'బోగోలు వాళ్లు వద్దన్నారు, దీనికన్నా పనికొస్తాయి' అనింది."

సుధాకర్ చప్పున తలెత్తాడు.

"ఆమే వేసిందా? బడేసాహెబ్‌గారు నేర్పించినాడా?"

అక్రమ్ స్క్రూడ్రైవర్ కింద పెట్టి అతని మొహంలోకి చూశాడు.

"ఆయన వడ్రంగి కదన్నా, చెక్క పెట్టె వరకే ఆయనది, లోపల మోగేదంతా, పదకొండిట్లోనూ, ఆమె చేసిందే."