మూడో పేరుకు జాగా

"ఫ్యాక్షన్‌లో చనిపోయినాడని చెక్కుదామా అక్కా?" సమాధిరాయి మీద చాక్‌పీసుతో గీతలు గీస్తూ అడిగాడు తిరుపాల్.

"ఆ మాటొద్దప్పా," అంది కొండమ్మ. "మా ఇంటాయన పోయి ఎనిమిదేండ్లాయ. యాడ చూసినా అదే మాట. అసలు ఎవురిదా మాట?"

"ఇంగ్లీషోళ్లదక్కా. పోలీసోళ్లు రాసిరి, పేపరోళ్లు ఎత్తుకునిరి. పెనుకొండ చుట్టుపక్కల రాళ్ల మీదంతా ఇప్పుడదే ఉండాది. అట్ల చెక్కితే ఎవురికీ కోపం రాదని మా నాయన నేర్పించినాడు."

వెనక తిరుపాల్ నాయన నల్లప్ప ఇంకో రాయిని నున్నగా రుద్దుతున్నాడు. ఆ గరగర శబ్దం వింటూనే తిరుపాల్ పెరిగాడు.

"మా ఇంటికి ఫ్యాక్షన్ రాలేదప్పా," అంది కొండమ్మ. "ముగ్గురు మనుషులొచ్చినారు. నన్నే నీళ్లడిగినారు. ఇద్దరు తాగినారు. తాగినంక చంపినారు. వాళ్ల పేర్లు చెక్కు."

ఆమె రెండు పేర్లు చెప్పింది. తిరుపాల్ ఒకసారి వీధిలోకి చూసి, గబగబా రాశాడు.

"మూడోవాడు మొగానికి టువ్వాల కట్టుకోనుండె. నేను చెంబు చాపితే తల తిప్పుకున్యాడు గానీ నీళ్లు ముట్టలే. వాడెవడో ఇప్పటికీ తెలీదు. వాని పేరుకు జాగా ఇడిసిపెట్టు."

గరగర శబ్దం ఆగిపోయింది.

నల్లప్ప లేచి వచ్చాడు. కొండమ్మ ముఖంలోకి చూడలేదు. కొడుకు పక్కనున్న ఉలీ సుత్తీ చేతిలోకి తీసుకుని రాయి ముందు కూర్చున్నాడు.

"నువ్వు జరుగురా," అన్నాడు. "నా పేరు నేనే చెక్కుకుంటా."