కంపచేను

“వీడు కాలు పెట్టిన కొంపలో సేను మిగిలింది లేదు,” అంది పాపమ్మాళ్ తెలుగులో, ఎదురుగా కూర్చున్న బ్రోకరు మొహంలోకే చూస్తూ.

“మజ్జిగ తాగుతారా అని అడుగుతోంది, తంబీ,” అన్నాడు ఆమె మొగుడు తిరుపతిసామి తమిళంలో.

“ఇవ్వమనండి. ఎండ మండిపోతోంది,” అన్నాడు బ్రోకరు పాండీశ్వరన్, అతనూ తమిళంలోనే.

ఇక తప్పుతుందా? పాపమ్మాళ్ లేచి లోపలికి వెళ్లి, ఉన్న కాసిన్ని మజ్జిగా లోటాలో పోసి తెచ్చి ఠంగుమని పెట్టింది.

కోయిల్‌పట్టి నుంచి నాగలాపురం వెళ్లే దారిలో ఉంటుంది ఆ ఊరు. వాళ్ల వీధి వీధంతా తెలుగే మాట్లాడుతుంది, అదీ ఇంట్లోనే. బజారుకీ, బస్సుకీ, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకీ తమిళం. బయటివాడు వచ్చి కూర్చుంటే వాడి ఎదుటే వాణ్ణి తిట్టుకోవడానికి కూడా ఆ ఇంటి భాషే అక్కరకొస్తుంది.

అది రెండువేల ఏడు. చెన్నై నుంచి ఎవరో కంపెనీ వాళ్లు అడవి ఆముదం నాటుతారట, గింజల్లోంచి డీజిల్ తీస్తారట. దానికి మంచి నేలా, నీళ్లూ అక్కర్లేదట, పనికిరాని నేలే కావాలట. చుట్టూ డెబ్బై ఎకరాలు అప్పుడే చేతులు మారాయి. నడిమధ్య మిగిలింది వీళ్ల మూడెకరాలే. ఇవాళ ఒప్పంద కాగితం మీద తిరుపతిసామి వేలిముద్ర పడితే, సోమవారం రిజిస్ట్రారు ఆఫీసు.

తిరుపతిసామికి అమ్మాలనే ఉంది. అగ్గిపుల్లల మందు కలిపీ కలిపీ అతని ఊపిరి సగమైంది. ఇప్పుడా ఫ్యాక్టరీలో మిషన్లు వచ్చాయి, ఉన్న సగం ఊపిరితో పనిచేస్తానన్నా పిలిచేవాడు లేడు.

“నాకు కాపలా పని ఇస్తారంట. సుమ్మా, ఊరికే కుర్చీలో కూచుండేది,” అన్నాడు పెళ్లాంతో తెలుగులో.

“నాగలాపురంలో అళగమ్మాళ్ మొగుడికీ ఇట్లనే చెప్పినారు. మొక్కలు నాటిన రెండు నెలలు కూచోబెట్టి, ఇంగ రావద్దనేసినారు. కంప కొట్టేదానికి పొయ్యే ఆడోళ్లకి ఇప్పుడు కంపా లేదు, కూలీ లేదు. ఆ అడవి ఆముదం ఆకు మేక కూడా ముట్టదు. రెండేండ్లయినా కాయా కాయలేదు.”

పాండీశ్వరన్ వంగి చెప్పులోని ముల్లు తీసుకుంటున్నాడు. ఆ ముల్లు ఎంతకీ వచ్చినట్టు లేదు.

“అమ్మ ఏమంటున్నారు?” అని అడిగాడు చివరికి.

“చేను చూద్దురు రమ్మంటోంది,” అన్నాడు తిరుపతిసామి.

ముగ్గురూ చేనుకి నడిచారు. తెలియనివాడు చూస్తే నిజంగానే అది పనికిరాని చేను. ఎటు చూసినా ముళ్లకంప. కానీ వరసగా మూడేళ్లు వానలు మొహం చాటేసినప్పుడు ఆ కంపే పాపమ్మాళ్ పొయ్యిలో మండింది. బొగ్గయి విరుదునగర్ లారీ ఎక్కి, బియ్యమై ఇంటికి తిరిగొచ్చింది. ఇప్పటికీ ఏడిళ్ల ఆడవాళ్లు అక్కడే కంప కొట్టుకుంటారు. సగం వాళ్లకి, సగం ఆమెకి. ఇవన్నీ ఈ బ్రోకరుతో చెప్పి ప్రయోజనమేముంది? ఆమెకు పోట్లాడే ఓపిక కూడా లేకపోయింది.

బావి గట్టు మీద కూర్చుని మొగుడితో తెలుగులో మెల్లగా అంది. “నీ ఆయాసం నాకు తెలీదా? నీకు అడ్డం రాను. ఏలిముద్ర పెట్టు. అయితే వాళ్లు కంచె ఏసినాక నేనీ పక్కకి రాను, నువ్వు రమ్మని పిలవొద్దు. నా ఒంట్లో బలమున్న దినాలంతా ఈడనే పోయినాయి.”

తిరుపతిసామి బొటనవేలు పంచెకి తుడుచుకున్నాడు.

“ఇంకు డబ్బా తియ్యి, తంబీ.”

పాండీశ్వరన్ డబ్బా తీశాడు. మూత తీయబోయి ఆగాడు.

“ముందు బావి నీళ్లు చూడాలి.”

“ఆ చెట్టుకి నీళ్లక్కర్లేదన్నారే?” అన్నాడు తిరుపతిసామి.

“కంపెనీ రూలు.”

చేద వేసి తోడి, దోసిలి పట్టి నోట్లో పోసుకున్నాడు. మొహం చిట్లించాడు.

“ఉప్పు.”

“ఉప్పా? వేసవిలో వీధంతా తాగేది ఈ నీళ్లే, తంబీ,” అన్నాడు తిరుపతిసామి తెల్లబోయి.

“మీకు అలవాటైపోయి ఉంటుంది. ఈ నీళ్లకి మొక్క బతకదు.”

“ధర తగ్గించడానికా ఇదంతా? కొంచెం తగ్గించుకునే తీసుకో.”

“ఊరికే ఇచ్చినా కంపెనీ తీసుకోదు, పెద్దాయనా.” పాండీశ్వరన్ జాబితాలో వాళ్ల సర్వే నంబరు కొట్టేసి, పక్కన ‘ఉప్పునీళ్లు’ అని రాశాడు. “ఇక వేరే ఎవరూ కూడా రారు.” ఒప్పంద కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి సంచిలో కుక్కుకున్నాడు.

తిరుపతిసామి గట్టు మీద కూలబడ్డాడు. కాపలా కుర్చీ పోయింది. రేపటి నుంచి మళ్లీ గొడ్డలే. పాపమ్మాళ్‌కి మొగుణ్ణి చూస్తే జాలేసింది. అయినా లోపల పొంగుతున్న సంతోషాన్ని ఆపుకోలేకపోయింది. చేదలోని నీళ్లు తనూ దోసెడు తాగి చూసింది. ఎప్పటి రుచే.

“మారియమ్మే వీడి నాలిక చెడగొట్టింది,” అంది తెలుగులో, కొంగు అడ్డం పెట్టుకుని. “నీళ్ల రుచి తెలియనోడికి ఈ పని ఎవడిచ్చినాడో.”

పాండీశ్వరన్ బండి దాకా నడిచి, సంచి తగిలించి, వెనక్కి తిరిగాడు.

“నీళ్లు తియ్యగానే ఉండాయమ్మా,” అన్నాడు తెలుగులో.